ఫ్యాన్ వెయ్యని గది

కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసిన పిల్ల ఇంట్లో ఉంటే మా బంధువులు దేనికి వాడుకునేవాళ్ళంటే, సబ్బు మంచిదో కాదో చెప్పించుకోవడానికి. ఏ పెళ్ళికి వెళ్ళినా ఎవరో ఒక పెద్దమ్మ నన్ను పక్కకు లాక్కెళ్ళి, సంచిలోంచి జుట్టు రంగు డబ్బా తీసి, "ఇది పెట్టుకుంటె కండ్లు పోతయంటున్రు, జర చూసి చెప్పు బిడ్డా" అనేది. నేను చూసి చెప్పేదాన్ని. వాళ్ళకు నచ్చినట్టు చెబితే చదువుకున్న పిల్ల, నచ్చనట్టు చెబితే పొగరుబోతు. ఆ లెక్కన తొంభైల నడుమ మా బంధువర్గంలో నా అంత పొగరుబోతు ఇంకొకరు లేరు.

నా ఉద్యోగం నారాయణగూడలో, రంగులూ నూనెలూ పరీక్ష చేసే ఒక చిన్న ల్యాబులో. అశోక్ నగర్‌లో మా ఇంటి నుంచి చిక్కడపల్లి మీదుగా నడిచే వెళ్ళేదాన్ని. దారిలోనే మా మేనమామ పెళ్ళికార్డుల షాపు. మా అమ్మకు అన్న ఆయన. నన్ను ఇంటర్ పరీక్షలకు స్కూటర్ మీద దింపి, పరీక్ష అయ్యేదాకా గేటు బయట ఎండలో నిలబడ్డ మనిషి. నేను పడ్డ గొడవంతా ఆయనతోనే పడ్డాను కాబట్టి ఈ మాట ముందే చెప్పాలి. ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడితో పోట్లాడటం సులువు, మనల్ని ఎవరూ ఏమీ అనరు.

రోడ్డు మీద ఉన్నది శాంపిల్ కార్డులు చూపించే చిన్న గది. ప్రింటింగంతా వెనక సందులో, కొత్తగా కట్టిన అపార్టుమెంటు సెల్లారులో. స్క్రీన్ ప్రింటింగుకు పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. చెక్క చట్రానికి బిగించిన సన్నటి జాలీ బట్ట మీద సిరా పోసి రబ్బరు పట్టీతో లాగితే, కింద పెట్టిన కార్డు మీద అక్షరాలు పడతాయి. తడి ఆరకముందే బంగారు పొడి చల్లి దులిపితే 'శ్రీరస్తు శుభమస్తు' మెరుస్తుంది. ఒక్కో రంగు అయిపోగానే జాలీలో ఇరుక్కున్న సిరాను మందుతో కడగాలి. గొడవంతా ఆ కడిగే మందు దగ్గరే మొదలైంది.

మొదట్లో కిరోసిన్, టర్పెంటైన్ కలిపి వాడేవాళ్ళు. గుప్పుమని వాసన కొట్టేది. పై అంతస్తుల్లో కొత్తగా ఫ్లాట్లు కొనుక్కుని దిగినవాళ్ళు పూజగదిలోకి కిరోసిన్ కంపు వస్తోందని, పిల్లలకు తలనొప్పులని మామ మీద పడ్డారు. వాళ్ళ సంఘానికి ప్రెసిడెంటు ఒక రిటైరైన ఆఫీసరు. సెల్లారు ఖాళీ చేయిస్తానని ఆయన నోటిమాటగా చెప్పి వెళ్ళాడు. మామ ఎక్కడెక్కడో తిరిగి, ఎవరినో అడిగి, వాసన రాని మందు ఒకటి డ్రమ్ముల్లో తెప్పించాడు. నీళ్ళలా తేటగా ఉంటుంది, గుడ్డ మీద పోస్తే చూస్తుండగానే ఆరిపోతుంది. పైవాళ్ళు శాంతించారు. ఏడాది తిరగబోతుండగా ప్రెసిడెంటు, ఆఫీసు అలవాటు పోక, ఆ మందు హాని చేయదని చదువుకున్నవాళ్ళెవరి చేతనైనా కాగితం రాయించి ఇమ్మన్నాడు. చదువుకున్నవాళ్ళంటే ఇంకెవరు, నేనే.

"నూనె మిల్లులల్ల వాడేదే బిడ్డా" అన్నాడు మామ, మా ఇంట్లో చాయ్ తాగుతూ. "తవుడు నుంచి నూనె గీ మందుతోనే తీస్తరంట. మనం తినే నూనె. తినేదాంట్ల వాడేది మనిషినేం చేస్తది? ఇంగ్లీషుల రెండు ముక్కలు రాసి సంతకం పెట్టు."

"తినే నూనెల వాడేదేనంట" అని మా అమ్మ అప్పటికే ఒప్పేసుకుంది. మా ఇంట్లో ఏదైనా తిండికి సంబంధించినది అంటే చాలు, దాని మీద ఇక అనుమానం ఉండదు.

ఒక సీసాలో కొంచెం పోయించుకుని ల్యాబుకు పట్టుకెళ్ళాను. ఎంత వేడికి మరుగుతోందో, నీళ్ళ కంటే ఎంత తేలికో చూస్తే తెలిసిపోయింది, అది హెక్సేన్. పెట్రోలుకు దగ్గరి చుట్టం. మామ అబద్ధమేం చెప్పలేదు, మిల్లుల్లో వాడేది అదే. కాకపోతే అక్కడ అది మూసిన పాత్రల్లో, గొట్టాల్లో తిరుగుతుంది. నూనె వచ్చాక దాన్ని మరిగించి, ఆ ఆవిరిని మళ్ళీ పట్టుకుంటారు. ఇక్కడ పట్టుకునేవాళ్ళెవరు? చూస్తుండగానే ఆరిపోతుందని మామ మురిసిపోతున్నాడు కదా, ఆరిపోయినదంతా ఎక్కడికి పోతోంది? గాల్లోకి. ఆ గాలి ఎవరు పీలుస్తున్నారు? దీనికి జవాబు ల్యాబులో దొరకదు, గది చూడాలి.

"మందు గురించి అడిగిన, గది గురించి అడగలే" అన్నాడు మామ.

"పులి అడవిల ఉంటె ఒక లెక్క మామా, ఇంట్ల ఉంటె ఒక లెక్క. ఎక్కడుందో చూడకుండ నేనేం రాయాలె?"

"సరే, చూసుకో. దొరసాని వచ్చి తనిఖీ చేస్తదంట" అని నవ్వాడు. అప్పటికి ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

వైశాఖం ముహూర్తాల రోజులు. సెల్లారు షట్టరు మోకాలి ఎత్తు దాకా దించి ఉంది. వంగి లోపలికి వెళ్ళాను. ఉక్కపోతతో ప్రాణం పోతోంది, పైన ఫ్యాన్ కదలడం లేదు. పొరపాటున కూడా ఎవరూ వెయ్యకుండా మామ స్విచ్చు మీద ప్లాస్టర్ అంటించాడు. ఫ్యాన్ వేస్తే బంగారు పొడి లేచిపోతుంది, ఆరబెట్టిన కార్డులు ఎగిరి ఒకదాని మీద ఒకటి అంటుకుంటాయి. షట్టరు ఎత్తితే సందులోని దుమ్ము తడి అక్షరాల మీద వాలుతుంది. వెనక కిటికీకి అట్టముక్క కొట్టేశారు. శుభలేఖ మీద మరకుంటే అపశకునమని పెళ్ళివాళ్ళు కట్టలకు కట్టలు వెనక్కి పంపుతారు. అందుకని సీజను ఉన్నన్నాళ్ళూ ఆ గదిలోకి గాలి రాదు, గదిలోంచి గాలి పోదు.

కార్డుల మీద వెంకటేశ్వరస్వామి బొమ్మ, వినాయకుడి బొమ్మ, మూలల్లో పసుపు. కాబట్టి లోపల చెప్పులు వెయ్యరు, కుర్చీలెక్కి కూర్చోరు. ముగ్గురు ఆడవాళ్ళు నేల మీద చాపలు పరుచుకుని పనిచేస్తున్నారు. గోడ గూట్లో లక్ష్మీదేవి పటం, దాని ముందు దీపం. కింద నేల మీద మూత తీసిన మందు డబ్బా. హెక్సేన్ ఆవిరి గాలి కంటే బరువు, పైకి లేవదు, కిందికి దిగి నేలంతా పరుచుకుంటుంది. దీపం ఎత్తున ఉండబట్టి వీళ్ళు ఇన్నాళ్ళు బతికి ఉన్నారు. పైవాళ్ళ పూజగదుల్లోకి వాసన పోవడం లేదు, నిజమే. ఆవిరంతా నేల మీద కూర్చున్న ముగ్గురి ముక్కుల్లోకి పోతోంది.

వాళ్ళలో జాలీలు కడిగే అక్కది పాలమూరు దిక్కు. పెనిమిటిది తాపీ పని, ముషీరాబాద్ అవతల బస్తీలో కిరాయి గది. నాకంటే కొన్నేళ్ళు పెద్ద, నోరు ఇంకా పెద్ద. నేను చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకోవడం చూసి నవ్వింది.

"ఏం చెల్లె, ఇంత వాసన గూడ లేని మందు, ముక్కు మూసుకుంటవేంది? గప్పటి మందుకు రావాల్సుండె, తెలుస్తుండె నీకు."

దోసిట్లో మందు పోసుకుని జాలీ మీద చల్లి, వంగి రుద్దింది. పని అయ్యాక అదే మందుతో చేతులు, మోచేతులు, చివరకు పాదాలు కూడా తుడుచుకుంది. మిగతా ఇద్దరూ అంతే. దేవుడి కార్డు మీది పొడి కాళ్ళకు అంటుకుని ఉంటుంది కదా, దాన్ని రోడ్డు మీద తొక్కుకుంటూ పోవడం పాపమట. సబ్బుకు పోదు, ఈ మందుకైతే ఇట్టే పోతుంది. అది తుడుచుకుని, పటానికి దండం పెట్టుకుని, అప్పుడు బయటికి వచ్చి చెప్పులేసుకుంటారు.

బయట ర్యాంపు మీద అక్క నా ముందు నడుస్తోంది. ఎడమ కాలి హవాయి చెప్పు వెనక ఉండిపోయింది. ఆమె ఆగలేదు, ఒట్టి కాలితో ఎండలో నడుచుకుంటూ పోతోంది. మిగతా ఇద్దరు పకపకా నవ్వారు. "అక్కా, నీ చెప్పు మళ్ళ అలిగింది" అంది ఒకామె. అక్క వెనక్కి తిరిగి, తన కాలి వైపు చూసుకుని, అప్పుడు తెలుసుకుంది. అది వాళ్ళకు రోజూ ఉండే వేళాకోళమట. నాకు మాత్రం నవ్వు రాలేదు.

"కాలికి తెలుస్తలేదా అక్కా?" అని అడిగాను.

"నేల మీద కూసుంటె తిమ్మిర్లు రావా? నల్లకుంట డాక్టరు సూదులేసిండు. బస్సెక్కంగ కాలు లేస్తలేదు, చేత్తోని ఎత్తి పెట్టుకుంటున్న" అంది, అదేదో చిన్న విషయమన్నట్టు. "చేతులు గూడ గట్లనే అయితున్నయ్. మొన్న అన్నం గిన్నె కాలుతున్నది తెల్వకనే పట్టుకున్న."

మరునాడు ల్యాబులో ఎవరూ దుమ్ము దులపని లావు పుస్తకం ఒకటి తీసి హెక్సేన్ పేజీ తెరిచాను. మామూలుగా దాంట్లో మంట గురించే చూస్తాం, నేనూ అంతవరకే చదివి ఉన్నాను. దాని కింద నరాల గురించి ఉంది. రోజూ పీలిస్తే పొడవాటి నరాలు ముందు దెబ్బతింటాయి. ఒంట్లో అన్నిటికంటే పొడవైనవి పాదాలకు పోయేవి కాబట్టి అక్కడ మొదలై పైకి పాకుతుంది. ముందు తిమ్మిరి, తర్వాత స్పర్శ పోవడం, తర్వాత బలం పోవడం. ఆపకపోతే నడక పోతుంది. ఆపినా వెంటనే తగ్గదు, కొన్ని నెలలు ఇంకా ఎక్కువై, ఆ తర్వాతే మెల్లగా తిరిగి వస్తుంది. పుస్తకం మూసి ఆ మధ్యాహ్నమే మామ షాపుకు వెళ్ళాను.

"మామా, ఆ మందు బందు పెట్టాలె. ఆ అక్క కాళ్ళు దానివల్లనే పోతున్నయ్."

మామ ఎదురుగా ఎవరో కూర్చుని కార్డులు చూస్తున్నారు. నన్ను పక్కకు తీసుకెళ్ళాడు. "మెల్లగ మాట్లాడు. ఆమెది వాతం బిడ్డా, పాలమూరోళ్ళకు చిన్నప్పటి నుంచి బరువులు మోసి మోసి వస్తది. మిగిలిన ఇద్దరికి లేదు కదా?"

"వాళ్ళు కడగరు, ఆమె కడుగుతది. ఇట్లనే పోతే రేపు వాళ్ళకూ వస్తది."

"సీజన్ అయిపోనియ్యి, చూద్దాం. నువ్వు ముందుగాల కాయితం రాసియ్యి."

"హాని చేస్తదని రాసిస్త. ఇయ్యమంటవా?"

అప్పుడు మామ ముఖంలో నవ్వు పోయింది. సాయంత్రానికి సంగతి మా అమ్మ దగ్గరికి చేరింది. "నోరు మంచిదైతే ఊరు మంచిది" అని మొదలుపెట్టి, "కొరివితోని తల గోక్కుంటవెందుకు, మీ మామ మనకు పరాయోడా" దాకా వచ్చింది. పరాయివాడైతే ఎప్పుడో కడిగేసేదాన్నని చెప్పాను. ఆ రోజు అమ్మా నేనూ ఎవరి అన్నం వాళ్ళం పెట్టుకుని తిన్నాం.

ఆదివారం పొద్దున అపార్టుమెంటు వాళ్ళ మీటింగు. మెట్ల ముందు మడత కుర్చీలు వేసుకున్నారు. నన్ను మామ పిలవలేదు, నేనే వెళ్ళాను. ప్రెసిడెంటు నన్ను చూసి సంతోషించి, కాగితం తెచ్చారా అన్నాడు. తేలేదు, నోటితో చెబుతానన్నాను. హెక్సేన్ ఏమిటో, అది ఎక్కడికి పోతోందో, కింద ఒక మనిషికి పాదాలు ఎలా మొద్దుబారిపోయాయో, చెప్పు జారిపోయినా తెలియని స్థితికి ఎలా వచ్చిందో అంతా చెప్పాను. మామ తల వంచుకుని తాళంచెవులు తిప్పుతూ కూర్చున్నాడు.

ప్రెసిడెంటు చివరిదాకా ఓపిగ్గా విన్నాడు. "బాగా చెప్పావమ్మా. అంటే ఆవిరి కిందనే ఉంటుంది, పైకి రాదు అంటున్నావు. మా ఫ్లాట్లకు ప్రమాదం లేనట్టే కదా? అదే రెండు వాక్యాలు రాసిచ్చెయ్యి, ఫైల్లో పెట్టుకుంటాం."

దున్నపోతు మీద వాన. చుట్టూ చూశాను. అందరి ముఖాల్లో పని తొందరగా తేలిపోయిందన్న నెమ్మది. ఒకాయన కుర్చీ మడవడానికి లేచాడు కూడా. చదువుకున్నవాళ్ళు, మంచివాళ్ళు, పొద్దున్నే పూజలు చేసుకుని వచ్చినవాళ్ళు. వాళ్ళ ముక్కులకు అడ్డం రాని మనిషి వాళ్ళకు కనబడదని నాకు అప్పుడు అర్థమైంది. ముల్లును ముల్లుతోనే తీయాలి అనుకున్నాను.

"కాళ్ళ సంగతి అయిపోయింది సార్. ఇప్పుడు మంట సంగతి చెప్త" అన్నాను. "ఆ డ్రమ్ములు పెట్టింది మీ మెట్ల కింద. దిగడానికి మీకున్నవి ఆ మెట్లే. లోపల రోజూ దీపం వెలుగుతది. ఏదో ఒక రోజు ఎవరో నేల మీద కూసుని అగ్గిపుల్ల గీస్తరు. ఆ మందు పెట్రోలు అసొంటిది. నేల మీద పరుచుకున్న ఆవిరంతా ఒక్కసారి అంటుకుంటది. ఇక మీ ఇష్టం."

ఇందులో ఒక్క మాట కల్పించలేదు, పెంచలేదు. మడిచిన కుర్చీ మళ్ళీ తెరుచుకుంది. ఒకామె పిల్లల్ని పైనుంచి కిందికి పిలిచింది. అందరూ ఒకేసారి మామ మీద అరవడం మొదలుపెట్టారు. ఒక మనిషి కాళ్ళు పోతున్నాయంటే కదలనివాళ్ళు, ఆ సాయంత్రంలోగా డ్రమ్ములు సందులోంచి వెళ్ళిపోయేదాకా కిందనే నిలబడ్డారు. నేను గెలిచాను, కానీ ఆ గెలుపు నాకు మంటగానే ఉంది, ఇప్పటికీ ఉంది.

"ఇంటి గుట్టు రచ్చకెక్కిస్తివి" అన్నాడు మామ, ఆటోలో చివరి డ్రమ్ము ఎక్కుతుండగా. "ఇంక నా షాపు గడప తొక్కకు."

తర్వాత వింతేమిటంటే, ఆ సెల్లారుకు మళ్ళీ, హెక్సేనంత ఇట్టే అంటుకోని ఆ పాత కిరోసిన్ మందే వచ్చింది, పాత వాసనే వచ్చింది, పైవాళ్ళెవరూ నోరెత్తలేదు. కిటికీకి కొట్టిన అట్ట తీసి గాలిని బయటికి తోసే ఫ్యాను పెట్టారు. స్విచ్చు మీది ప్లాస్టర్ ఊడదీశారు. బంగారు పొడి ఎగిరిపోకుండా మామే ఒక ఉపాయం కనిపెట్టాడు. పెద్ద అట్టపెట్టెకు పక్కన రంధ్రాలు కోసి, దాంట్లోకి చేతులు పెట్టి పొడి చల్లడం. దీపం పటంతో సహా రోడ్డు మీది షాపుకు వచ్చింది. ఇదంతా వారంలో అయిపోయే పని. ఇన్ని నెలలు చెయ్యకపోవడానికి చేతకాకపోవడం కారణం కాదు.

అయితే అక్కను మాత్రం కాళ్ళు బాగయ్యాకే రమ్మన్నాడు. ఆమె మా ఇల్లు వెతుక్కుంటూ అశోక్ నగర్ వచ్చింది. గేటు దగ్గరే నిలబడి, లోపలికి రమ్మన్నా రాలేదు.

"నా కడుపు కొట్టినవ్ చెల్లె. తిమ్మిరి కాళ్ళతోనైనా నాలుగు పైసలు సంపాయిస్తుంటి. నీకేం, నువ్వు సదువుకున్నదానివి, చెప్పి పోయినవ్. కాళ్ళు పడ్డదాన్ని ఇప్పుడు ఎవలు పిలుస్తరు?"

ఆమెను మా వరండాలో కూర్చోబెట్టి, తొక్కొద్దన్న గడప తొక్కడానికి బయలుదేరాను. షాపులో ఒక పెళ్ళివారి కుటుంబం కార్డులు ఎంచుకుంటోంది. వాళ్ళ మధ్యలో స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"మామా, కార్డులకు కవర్లు మడిచేది, పసుపు పెట్టేది, కట్టలు కట్టేది కూసోని చేసే పనే. అక్క మా వరండాల చేస్తది, అక్కడ గాలి ఆడుతది. కట్టలియ్యి, తీస్కపోత."

"నిన్ను రావద్దన్న కదా."

"కట్టలిస్తె పోత. లేకుంటె వీళ్ళకు నీ సెల్లారు కథ మొదటి నుంచి చెప్త, నాకు చీకటి పడేదాక పని లేదు."

పెళ్ళికూతురి తల్లి చేతిలో కార్డు పట్టుకుని నా వైపు, మామ వైపు చూసింది. మామ పళ్ళు బిగించి కట్టలు తెచ్చి బల్ల మీద పడేశాడు. వాటిని రిక్షాలో వేసుకుని వచ్చాను.

అక్కను పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరు చిన్న సుత్తితో మడమ వెనక కొడితే పాదం కదలలేదు. మందు పేరు చెప్పగానే నేను చదివినదే ఆయనా చెప్పాడు. మాత్రలేం లేవు, దూరంగా ఉండటమే వైద్యం, ముందు పెరుగుతుంది, తర్వాత తగ్గుతుంది. అక్కకూ, ఇంటికి వచ్చి అమ్మకూ, అమ్మ ద్వారా మామకూ ఆ మాట తెలిసేట్టు చెప్పాను. ముందే చెప్పడం ఎందుకంటే తర్వాత నన్ను ఎవరూ నమ్మరని నాకు తెలుసు.

అదే జరిగింది. వానాకాలం వచ్చేసరికి అక్క పాదాలు వేలాడిపోయాయి. గోడ పట్టుకోకుండా నిలబడలేకపోయేది. చేతివేళ్ళు సన్నబడి, కవరు అంచు మడవడానికి గోరు పట్టేది కాదు. పెనిమిటి సైకిలు వెనక కూర్చోబెట్టుకుని పొద్దున దింపి, సాయంత్రం తీసుకెళ్ళేవాడు.

"మందు బందు పెట్టినంక కాళ్ళు పడిపోయినయంటె, మందుదా తప్పు?" అని మామ అందరితో అనడం మొదలుపెట్టాడు. ఆ మాట వినడానికి ఎంత సబబుగా ఉండేదంటే, మా బంధువులంతా తల ఊపారు. ఏ శుభకార్యానికి పోయినా ఎవరో ఒకరు నా చెవిలో వేసేవాళ్ళు, పాపం మీ మామ పేరు చెడగొట్టావు అని. తగ్గుతుంది చూడండి, అని ప్రతివాళ్ళకూ జవాబు చెప్పాను. పండగ పూట వాదనెందుకంటే, మొదలుపెట్టింది మీరే అన్నాను. లోపల మాత్రం రోజూ చస్తూనే ఉన్నాను. పుస్తకం తప్పయితే? ఆమె ఇక లేవకపోతే? ఆ మాట ఎవరి ముందూ పైకి అనలేదు, అంటే మామ మాట నెగ్గుతుందని.

బతుకమ్మ వచ్చింది. మా సందులో ఆడవాళ్ళు తిరుగుతుంటే అక్క వరండాలో కూర్చుని చప్పట్లు కొడుతూ, అందరికంటే గట్టిగా పాడింది. ఆ సాయంత్రం మా అమ్మ ఏమనుకుందో, గిన్నెలో నువ్వులనూనె వేడి చేసి తెచ్చి, నేల మీద కూర్చుని అక్క పాదాలు తన ఒళ్ళో పెట్టుకుంది. "ఆయన నా అన్ననే. అయినా పోయిన కాళ్ళు ఈమెవి కదా" అంది నాతో. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ నోరు మంచిదైతే అనే సామెత ఎత్తలేదు. మా ఇంటికి వచ్చే చుట్టాలకు అమ్మా నేనూ ఇద్దరం కలిసి జవాబు చెప్పసాగాం.

చలికాలంలో అక్క గోడ వదిలింది. తర్వాత కర్ర పట్టుకుని గేటు దాకా, ఆ తర్వాత కర్ర లేకుండా పంపు దాకా. బలం కొంచెం కొంచెం వస్తోంది కానీ అరికాళ్ళు మాత్రం ఇంకా చెక్కముక్కలే అనేది. మామ దానికీ ఒక మాట సిద్ధం చేసుకున్నాడు. నువ్వులనూనె పుణ్యమట.

ఉగాది ముందు రోజు అమ్మ వరండాలో కూర్చుని బెల్లం తరుగుతోంది. అక్క గోడకు ఆనుకుని కాళ్ళు చాపి కవర్లు మడుస్తోంది. మామ కట్టలు పట్టుకుని వచ్చాడు, ఆ సీజనులో తనే తెచ్చి గేటు దగ్గర పెట్టి, నాతో మాట్లాడకుండా పోయేవాడు. ఆ రోజు అమ్మ పిలిస్తే మెట్టు మీద కూర్చున్నాడు. మాటల మధ్యలో అక్క ఒక్కసారి "అబ్బా" అని కాలు వెనక్కి లాక్కుంది. కవర్లు చెల్లాచెదురయ్యాయి. బెల్లానికి వచ్చిన ఎర్రచీమ ఒకటి బొటనవేలి పక్కన పట్టుకుని వేలాడుతోంది. ఆమె దాన్ని నలిపి, దాని వంశాన్నంతా తిట్టింది.

అమ్మ చేతిలో కత్తి ఆగిపోయింది. మామ ఆ వేలి వైపు, ఎర్రగా పొంగుతున్న మచ్చ వైపు చాలాసేపు చూశాడు.

"కుట్టిందా? తెలిసిందా నీకు?" అన్నాడు చివరికి.

అక్క వేలు రుద్దుకుంటూ ఆయన ముఖంలోకి సూటిగా చూసింది.

"తెల్వదా మరి? నా కాలు గాదా?"